విన్‌ఫార్మ్స్ ప్రోగ్రెస్ బార్: మన కొట్ల సాఫ్ట్‌వేర్‌కి పనికొస్తుందా?

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ, విజయనగరం మందుల హోల్‌సేల్, రాజాం బట్టల కొట్టు, ఆమదాలవలస వైపు రైస్ మిల్లు. ఎక్కడైనా రోజూ సాయంత్రం కొట్టు కట్టేసే ముందు బ్యాకప్ బటన్ నొక్కుతారు. మార్చి 31 దాటాక పాత ఖాతాలు మూసి, నిల్వలు కొత్త సంవత్సరానికి మారుస్తారు. ఆ పనికి నాలుగు నిమిషాలు పట్టొచ్చు, నలభై నిమిషాలూ పట్టొచ్చు. అంతసేపూ కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి తెర మీద ఆధారం, పని ఎంత అయిందో చూపే ప్రోగ్రెస్ బార్ ఒక్కటే. "బాబూ, ఇది ఆగిపోనాదేటి?" అని ఫోన్ వచ్చిందంటే తప్పు ఆ మనిషిది కాదు, ఆ బార్‌ని అలా పెట్టినవాళ్లది.

మన దగ్గర దీనికి కరెంటు కూడా తోడవుతుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరులో కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్ సంగతి అలా ఉంచండి. వేసవిలో మామూలు గాలివాన వచ్చినా లైను పోతుంది. అప్పుడు యూపీఎస్ మీద మిగిలేవి కొద్ది నిమిషాలే. బ్యాకప్‌ని పూర్తికానివ్వాలా, రద్దు చేసి మెషీన్ ఆపేయాలా అన్నది ఆపరేటర్ బార్ చూసే తేల్చుకుంటారు. అందుకే ఇక్కడ ప్రోగ్రెస్ బార్‌ని తూనికరాయిని చూసినట్టు చూశాం. అది ఎంత చూపిస్తే పని అంత అయి ఉండాలి.

సమీక్షకు తీసుకున్నది మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో తెరలు కట్టడానికి వాడే విండోస్ ఫార్మ్స్ (విన్‌ఫార్మ్స్)తో పాటు వచ్చే ప్రోగ్రెస్‌బార్ కంట్రోల్, అంటే ఫార్మ్ మీద పెట్టుకునే తయారు భాగం. విడిగా కొనేదేమీ లేదు. ఒంటరిగా పనిచేసుకునే డెవలపర్‌కి విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం, అందులో టూల్‌బాక్స్ నుంచి లాగి ఫార్మ్ మీద వదిలితే చాలు. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద కడితే సర్వీస్ ప్యాక్ 1 ఉన్న విండోస్ 7 మెషీన్‌లోనూ నడుస్తుంది. ఇప్పటికీ పాత డబ్బాలే వాడే కొట్లకు ఇది చిన్న విషయం కాదు. మా మార్కులు ముందే చెప్పేస్తాం: కంట్రోల్ ఒక్కదానికే అయితే పదికి ఆరు, పని ఎంత అయిందన్న కబురు బార్‌కి చేరవేసే ప్రోగ్రెస్ క్లాసుని వెనక సరిగ్గా కలిపితే పదికి తొమ్మిది. ఆ మూడు మార్కుల తేడా ఎక్కడిదో చెప్పడానికే ఇంత రాయాల్సి వస్తోంది.

పెట్టగానే మినిమమ్ 0, మ్యాగ్జిమమ్ 100, వాల్యూ 0, స్టెప్ 10 ఉంటాయి. వాల్యూని నేరుగా మార్చొచ్చు. పెర్ఫార్మ్‌స్టెప్ పిలిస్తే స్టెప్ ఎంతుంటే అంత జరుగుతుంది, ఇంక్రిమెంట్‌కి ఎంత జరగాలో మనమే చెప్తాం. ఈ రెండూ మ్యాగ్జిమమ్ దగ్గర బుద్ధిగా ఆగిపోతాయి. వాల్యూ మాత్రం హద్దు దాటితే ఎక్సెప్షన్ విసురుతుంది, అంటే పట్టించుకోకపోతే ప్రోగ్రాంని పడేసే ఎర్రర్. కొత్తగా రాసేవాళ్లు తరచుగా పడేది ఇక్కడే. 250 ఐటమ్‌లున్నాయి, మ్యాగ్జిమమ్‌ని 250 చెయ్యడం మరిచారు, 101వ ఐటమ్ దగ్గర ప్రోగ్రాం పడిపోయింది. నమూనా కంపెనీలో 40 ఐటమ్‌లతో పరీక్షిస్తే ఇది బయటపడదు. ముందు మ్యాగ్జిమమ్, తర్వాత వాల్యూ అన్న వరస ఎప్పుడూ తప్పకూడదు. మా సలహా అయితే మ్యాగ్జిమమ్‌ని అసలు ముట్టుకోవద్దు. దాన్ని 100 దగ్గరే ఉంచి, శాతం మనమే లెక్కగట్టి ఇవ్వాలి.

ఆ శాతం లెక్కలోనూ గోతులున్నాయి. అయిన పనిని మొత్తం పనితో భాగించి 100తో గుణిస్తే, రెండూ పూర్ణాంకాలు కాబట్టి భాగహారం చివరిదాకా సున్నాయే ఇస్తుంది. బార్ ఖాళీగా ఉండి ఉండి చివర్లో ఒక్కసారి నిండిపోతుంది. సరే, ముందు 100తో గుణించి తర్వాత భాగిద్దాం అంటే పూర్ణాంకాలు దాచే ఇంట్ రకంలో ఇంకో ప్రమాదం. ఇంట్ పట్టుకోగలిగేది 214 కోట్ల పైచిలుకు. అంటే అయిన పని 2,14,74,836 దాటగానే గుణకారం పొంగి మైనస్‌లోకి దిగిపోతుంది. బిల్లులు లెక్కపెడితే ఆ అంకె ఎప్పటికీ రాదు. బ్యాకప్ ఫైలుని బైట్లలో లెక్కపెడితే ఇరవై ఎంబీ దాటగానే వస్తుంది. సీ షార్ప్ మామూలుగా ఈ పొంగుని పట్టించుకోదు కాబట్టి తప్పు అక్కడ కనబడదు. వాల్యూకి మైనస్ అంకె వెళ్లినప్పుడు బయటపడుతుంది, అప్పుడేమో నేరం బార్ మీద పడుతుంది. లెక్కని ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ రకంలో చేసి, వచ్చిన శాతాన్ని చివర్లో ఇంట్‌గా మార్చితే ఈ బెడద ఉండదు. ఇంకొకటి, కొత్తగా తెరిచిన కొట్టులో బిల్లులే ఉండవు. మొత్తం సున్నా, సున్నాతో భాగహారం, మొదటిరోజే ఎర్రర్. ఒక్క ఇఫ్ వాక్యంతో పోయేదానికి మొదటిరోజే పరువు పోగొట్టుకోవడం ఎందుకు?

ఇక రూపం. స్టైల్‌లో బ్లాక్స్, కంటిన్యువస్, మార్క్యూ అని మూడున్నాయి. విజువల్ స్టైల్స్ (విండోస్ తానుగా ఇచ్చే థీమ్ రూపం) ఆన్‌లో ఉన్నప్పుడు మొదటి రెంటికీ తేడా కనబడదు. మార్క్యూ అంటే ఎంత అయిందో చెప్పకుండా ఈ చివర నుంచి ఆ చివరికి పదేపదే పరుగెత్తే రకం. దాని వేగం మార్క్యూ యానిమేషన్ స్పీడ్‌లో మిల్లీ సెకన్లలో ఉంటుంది, మొదట 100. అంకె తగ్గిస్తే పరుగు పెరుగుతుంది, సున్నా పెడితే ఆగిపోతుంది. రంగు మార్చాలని ఫోర్‌కలర్ సెట్ చేసినా విజువల్ స్టైల్స్ దాన్ని పట్టించుకోవు, పచ్చగానే ఉంటుంది. అయితే పని విఫలమైనప్పుడు బార్‌ని ఎర్రగా చూపించడానికి సక్రమమైన దారే ఉంది. విండోస్‌లోని సెండ్‌మెసేజ్ ఫంక్షన్‌తో కంట్రోల్‌కి 1040 నంబరు సందేశం పంపాలి. దానితో 1 వెళ్తే మామూలు పచ్చ, 2 వెళ్తే ఎరుపు, 3 వెళ్తే పసుపు. పెన్‌డ్రైవ్ నిండిపోతే ఎరుపు, ఆపరేటర్ జవాబు కోసం ఆగితే పసుపు. ఇంతకు మించి రంగులు పెట్టకండి.

బార్ మీద శాతం రాసి చూపే ఏర్పాటు కంట్రోల్‌లో లేదు. ఇన్నేళ్లయినా పెట్టకపోవడం నిజంగా లోపమే. కొందరు బార్ మీద సొంతంగా గీసి అక్షరాలు తెస్తారు, అవి మినుకుమినుకుమంటాయి. పైగా చూపులేనివాళ్లకు తెరని చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ మామూలు బార్ కదలికను బీప్ శబ్దాలతో వినిపిస్తుంది. అంతా మనమే గీసుకున్న బొమ్మ బార్ అయితే, ప్రత్యేకంగా శ్రమపడితే తప్ప ఆ శబ్దం పోతుంది. చూపులేని ఉద్యోగికి ఆ బీపే బార్. కాబట్టి కంట్రోల్‌ని ఉన్నదున్నట్టు ఉంచి, కింద ఒక లేబుల్ పెట్టడమే మేలు.

ఈ కంట్రోల్‌లో మాకు అసలు నచ్చనిది దాని నత్తనడక. విండోస్ విస్టా నుంచి బార్ విలువ పెంచితే పచ్చదనం ఉన్నచోటు నుంచి కొత్త చోటికి మెల్లగా జారుతూ వెళ్తుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ పని వేగంగా జరిగితే బార్ వెనకబడిపోతుంది. దగ్గర్నుంచి చూస్తే ఇలా ఉంటుంది: మూడు సెకన్ల పని, వాల్యూ 100కి చేరింది, వెంటనే "బ్యాకప్ పూర్తయింది" అన్న పెట్టె తెర మీదికొచ్చింది. ఆ పెట్టె వెనక బార్ ఇంకా కొంత ఖాళీగానే ఉంది, మెల్లగా కదులుతోంది. ఆపరేటర్ దేన్ని నమ్మాలి? కొందరు ఓకే నొక్కరు, బార్ నిండేదాకా చూస్తారు. ఇంకొందరు పూర్తికాలేదనుకుని మళ్లీ బ్యాకప్ నొక్కుతారు.

దీనికో మందుంది. ఈ జారుడు విలువ పెరిగినప్పుడే ఉంటుంది, తగ్గినప్పుడు బార్ ఆ చోటికి టక్కున వచ్చేస్తుంది. కాబట్టి 45 చూపించాలంటే ముందు 46 పెట్టి, వెంటనే 45 పెట్టాలి. 100 దగ్గర మాత్రం 101 పెట్టడానికి చోటు లేదు కనుక నాలుగు అడుగులు పడతాయి: మ్యాగ్జిమమ్‌ని 101 చెయ్యాలి, వాల్యూని 101 చెయ్యాలి, వాల్యూని 100కి దించాలి, మ్యాగ్జిమమ్‌ని మళ్లీ 100కి తేవాలి. ఈ నాలుగు వరసల్ని ఒక చిన్న ఫంక్షన్‌లో పెట్టుకుని, ప్రాజెక్టు మొత్తంలో వాల్యూని ఆ ఫంక్షన్ నుంచే మార్చండి. ఇలాంటి మందు వాడాల్సి రావడం బాధగానే ఉంది. కానీ పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. "బార్ కదలట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి బార్‌తో సంబంధమే ఉండదు. విండో గీయడం, మౌస్ క్లిక్కులు తీసుకోవడం, బటన్ వెనక రాసిన కోడ్ నడపడం, ఇవన్నీ ఒకే త్రెడ్ (ప్రోగ్రాంలో పనుల్ని ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోయే వరస) చేస్తుంది. ఒక్కడే బిల్లు కొట్టి, తూకం వేసి, మూట కట్టే కొట్టు లాంటిదన్నమాట. బటన్ క్లిక్‌లోనే బ్యాకప్ లూప్ పెడితే ఆ లూప్ అయ్యేదాకా తెర సంగతి చూసే నాథుడుండడు. ఐదు సెకన్ల పాటు విండో సందేశాలు అందుకోకపోతే విండోస్ దాన్ని పాలిపోయేలా చేసి, టైటిల్ పక్కన నాట్ రెస్పాండింగ్ అని రాస్తుంది. అది చూసి ఆపరేటర్ టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ప్రోగ్రాంని చంపేస్తే సగం రాసిన ఫైలు మిగులుతుంది.

దీనికి చాలామంది చేసే నాటువైద్యం పెండింగ్‌లో ఉన్న తెర పనుల్ని అప్పటికప్పుడు చేయించే అప్లికేషన్ డూఈవెంట్స్‌ని లూప్ మధ్యలో పెట్టడం. బార్ కదులుతుంది, నిజమే. కానీ పోగుపడిన క్లిక్కులన్నీ అదే సమయంలో అమలవుతాయి. బ్యాకప్ బటన్‌ని రెండోసారి నొక్కి ఉంటే మొదటి బ్యాకప్ కడుపులో రెండో బ్యాకప్ మొదలై, రెండూ ఒకే ఫైలు మీద పడతాయి. బటన్‌ని డిజేబుల్ చేశాం కదా అంటారేమో, మరి విండో మూల ఇంటూ గుర్తు సంగతి? ఫార్మ్ మూసుకుపోయాక కూడా లూప్ నడుస్తూనే ఉండి, లేని బార్‌ని ముట్టుకోబోయి పడిపోవచ్చు. కొత్తగా రాసే ఏ ప్రోగ్రాంలోనూ దీన్ని వాడొద్దని గట్టిగా చెప్తాం.

పనిని వేరే త్రెడ్ మీద నడపడానికి 2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చిన బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్ ఇప్పటికీ మంచి పనిముట్టే, పాత ప్రాజెక్టుల్లో ఉంటే తీసేయనక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. వర్కర్ రిపోర్ట్స్ ప్రోగ్రెస్, వర్కర్ సపోర్ట్స్ క్యాన్సిలేషన్ అనే రెండు లక్షణాలూ మొదట ఆఫ్‌లో ఉంటాయి. మొదటిది ఆన్ చెయ్యకుండా రిపోర్ట్‌ప్రోగ్రెస్ పిలిస్తే ఎక్సెప్షన్ వస్తుంది. అది డూవర్క్ (పని రాసే చోటు) లోపల పుట్టింది కాబట్టి కస్టమర్ మెషీన్‌లో తెర మీదికి రాదు, పని ముగిశాక వచ్చే రన్ వర్కర్ కంప్లీటెడ్‌లో ఎర్రర్ అనే గడిలో మౌనంగా కూర్చుంటుంది. ఆ గడి చూడకుండా "పూర్తయింది" అని రాసేసిన ప్రోగ్రాం మొదటి బిల్లు దగ్గరే ఆగిపోయి కూడా పూర్తయిందనే చెప్తుంది. బ్యాకప్ విషయంలో ఇంతకంటే చెడ్డ అబద్ధం ఉండదు. పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదన్న సంగతి హార్డ్‌డిస్క్ పోయిన రోజున తెలుస్తుంది.

2012లో డాట్‌నెట్ 4.5తో వచ్చిన ప్రోగ్రెస్ క్లాసు, అసింక్, అవెయిట్ కలిసి ఈ పనిని చాలా తేలిక చేశాయి. మేం తొమ్మిది మార్కులిచ్చింది ఈ జోడీకే. బటన్ క్లిక్ ఫంక్షన్‌ని అసింక్ చెయ్యాలి, అంటే తెరని ఆపకుండా పని కోసం ఎదురుచూసే రకం. అందులోనే, అంటే తెర త్రెడ్ మీదే, ప్రోగ్రెస్ ఆఫ్ ఇంట్ వస్తువుని తయారుచేసి, శాతం అందినప్పుడు బార్‌ని ఏం చెయ్యాలో దానికి చెప్పాలి. తర్వాత పనిని వెనక త్రెడ్‌కి పంపే టాస్క్ రన్‌లో అసలు పనిని పెట్టి అవెయిట్ చెయ్యాలి, అంటే అది ముగిసేదాకా ఆగాలి. పనిచేసే ఫంక్షన్ ఐప్రోగ్రెస్ రకం పారామీటర్ తీసుకుని, లోపల రిపోర్ట్ పిలుస్తుంటే చాలు. వేరియబుల్‌ని ప్రోగ్రెస్ రకంగానే ఉంచుకుంటే రిపోర్ట్ అసలు కనబడదు, ఐప్రోగ్రెస్‌గా ప్రకటిస్తేనే కనబడుతుంది. "ఇందులో రిపోర్ట్ లేదేమిటి" అని వెతుక్కునేవాళ్లకు జవాబు అదే.

ఆ వస్తువుని తెర త్రెడ్ మీదే పుట్టించమనడానికి కారణముంది. పుట్టినచోటు ఏ త్రెడ్‌దో అది గుర్తుపెట్టుకుని, కబుర్లన్నీ అక్కడికే చేరవేస్తుంది. టాస్క్ రన్ లోపల పుట్టిస్తే కబుర్లు ఏదో ఒక వెనక త్రెడ్ మీద నడుస్తాయి, వరస కూడా తప్పొచ్చు. ఇలా వేరే త్రెడ్ నుంచి బార్‌ని ముట్టుకుంటే విజువల్ స్టూడియోలో నడిపేటప్పుడు క్రాస్ త్రెడ్ ఎర్రర్ ఠక్కున వస్తుంది. డీబగ్గర్ లేకుండా నడిపితే ఆ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. అందుకే టెస్టింగ్‌లో ఆ ఎర్రర్‌ని చూసీచూడనట్టు వదిలేసిన ప్రోగ్రాం కస్టమర్ దగ్గర పది రోజులు నడిచి, పదకొండో రోజు బిగుసుకుపోతుంది.

కబుర్లు మరీ ఎక్కువైనా ముప్పే. 60,000 బిల్లులకు 60,000 సార్లు రిపోర్ట్ పిలిస్తే తెర త్రెడ్ వాటిని మింగలేక తడబడుతుంది, వేరే త్రెడ్ పెట్టిన లాభం కాస్తా పోతుంది. శాతం అంకె మారినప్పుడే పిలిస్తే, ఎంత పెద్ద పనైనా 0 నుంచి 100 వరకు 101 కబుర్లతో సరిపోతుంది. బిల్లు నంబరు కూడా కదులుతూ కనబడాలంటే స్టాప్‌వాచ్ పెట్టుకుని 100 మిల్లీ సెకన్లకు ఒకసారి పంపండి. అంతకంటే వేగంగా మారే అంకెను కన్ను ఎలాగూ చదవలేదు.

తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయే బార్ గురించి అందరికీ తెలుసు. దానికి కారణం లెక్క తప్పడం కాదు, పనిని విడదీసిన తీరు. బ్యాకప్‌లో నాలుగు దశలున్నాయనుకుందాం: డేటాబేస్ కాపీ, జిప్ చెయ్యడం, పెన్‌డ్రైవ్‌కి ఎక్కించడం, ఎక్కింది సరిగ్గా ఉందో లేదో సరిచూడ్డం. దశకొకసారి 0 నుంచి 100కి నడిపితే బార్ నాలుగుసార్లు నిండుతుంది, రెండోసారి మొదలవగానే ఆపరేటర్ గాబరా పడతారు. దశకి 25 చొప్పున పంచితే మొదటి పాతిక చిటికెలో అయిపోయి, పెన్‌డ్రైవ్ దగ్గర బండి ఆగిపోతుంది. పంచాల్సింది సమయాన్ని బట్టి. ఆ కొట్టు మెషీన్ మీద, ఆ కొట్టు పెన్‌డ్రైవ్‌తో ఒకసారి నడిపి దశలకు వరసగా 12, 40, 100, 48 సెకన్లు పట్టిందనుకోండి, మొత్తం 200. అప్పుడు బరువులు 6, 20, 50, 24. మూడో దశ సగం అయినప్పుడు బార్ చూపించాల్సింది 6, 20, 25 కలిపి 51. డెవలపర్ ల్యాప్‌టాప్‌లోని ఎస్ఎస్‌డీ మీద కొలిచిన బరువులు కొట్టులోని పాత హార్డ్‌డిస్క్‌కి పనికిరావు. ఇంకా మంచి పద్ధతేమిటంటే, ప్రతి బ్యాకప్‌లోనూ దశలకు పట్టిన సెకన్లను సెట్టింగ్స్ ఫైలులో రాసిపెట్టి మర్నాటి బరువులు వాటినుంచే తీసుకోవడం. పెన్‌డ్రైవ్ మార్చినా ఒక్కరోజులో బార్ సర్దుకుంటుంది.

సంవత్సరాంతపు పనికీ ఇదే సూత్రం. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుళ్లు, బద్ద, ముక్క గ్రేడులన్నీ కలిపినా ఐటమ్‌లు వంద చిల్లర ఉంటాయి, పార్టీలు కొన్ని వందలు, బిల్లులు వేలు. మూడు టేబుళ్లు కదా అని మూడు సమాన భాగాలు చేస్తే మొదటి రెండు భాగాలు రెప్పపాటులో నిండి, మూడోది కదలనే కదలదు.

పెన్‌డ్రైవ్‌తో ఇంకో మోసముంది. ప్రోగ్రాం రాశాననుకున్న బైట్లు విండోస్ బఫర్‌లోనే కొంతసేపు ఉండొచ్చు. బార్ 100 చూపించింది, ఆపరేటర్ పెన్‌డ్రైవ్ లాగేశారు, ఫైలు చెడింది. ఫైల్‌స్ట్రీమ్ ఫ్లష్‌కి ట్రూ ఇచ్చి పిలిస్తే బఫర్‌లో ఉన్నది కూడా డిస్కుకి వెళ్తుంది. చివర్లో ఒక్కసారే పిలిస్తే ఆ నిరీక్షణ అంతా 99 దగ్గరే పోగుపడుతుంది. నాలుగు, ఎనిమిది ఎంబీలకోసారి పిలిస్తే బార్ నడక కొంచెం నెమ్మదిస్తుంది గానీ నిజం చెప్తుంది. కరెంటు పోయే ఊళ్లో ఈ బేరం లాభమే.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకి రెండు ముక్కలు. బ్యాకప్ ఆదేశానికి స్టాట్స్ 5 అని చేరిస్తే అయిదు శాతానికొకసారి సందేశం ఇస్తుంది, వాటిని కనెక్షన్‌లోని ఇన్ఫోమెసేజ్ ఈవెంట్‌లో పట్టుకోవచ్చు. అయితే ఫైర్ ఇన్ఫోమెసేజ్ ఈవెంట్ ఆన్ యూజర్ ఎర్రర్స్ అన్నది ట్రూ చెయ్యకపోతే అవి ఎప్పటికప్పుడు రావు, పని అయ్యాక కట్టగట్టుకుని వస్తాయి. కమాండ్ టైమౌట్ మొదట 30 సెకన్లే, మార్చకపోతే పెద్ద డేటాబేస్ బ్యాకప్ సగంలో తెగిపోతుంది. బల్క్‌కాపీతో రికార్డులు మూకుమ్మడిగా ఎక్కించేటప్పుడు నోటిఫై ఆఫ్టర్ సున్నాలో ఉంటుంది, అంటే ఏ కబురూ పంపదు. 1000 పెట్టుకోండి.

రద్దు బటన్ లేని బార్‌ని మేం సగం బార్‌గానే లెక్కేస్తాం. రద్దు కబురు మోసే క్యాన్సిలేషన్ టోకెన్‌ని పనిలోకి పంపి, ప్రతి రికార్డు దగ్గరా ఒకసారి చూసుకుంటే చాలు. నొక్కగానే బటన్ మసకబారి "ఆపుతున్నాం" అని రావాలి, లేకపోతే పదిసార్లు నొక్కుతారు. చేసిన మార్పుల్ని డేటాబేస్ వెనక్కి తీసుకునేటప్పుడు ఎంత సమయం పడుతుందో ముందు తెలియదు కాబట్టి అక్కడ మార్క్యూ పెట్టడమే నిజాయితీ. సంవత్సరాంతం ముగింపులో, మార్పుల్ని ఖాయం చేసే కమిట్ దశకి చేరాక రద్దు బటన్‌ని తీసేయాలి. పనిచెయ్యని బటన్‌ని ఆశగా చూపించకూడదు.

మిగిలిన సమయం చూపిస్తే మంచిదే. గడిచిన సమయాన్ని మిగిలిన శాతంతో గుణించి, అయిన శాతంతో భాగిస్తే వస్తుంది. మొదటి ఐదు సెకన్లు ఏమీ చూపించకండి, ఆ తర్వాత కూడా "సుమారు 3 నిమిషాలు" అని గుండ్రంగా చెప్పండి. శాతం చూపే సూచికలు జనానికి ఎందుకు అవసరమో కంప్యూటర్ పరిశోధకుడు బ్రాడ్ మయర్స్ 1985లోనే పరిశోధనా పత్రం రాశారు. చివర్లో వేగం పుంజుకునే బార్ అదే సమయం తీసుకున్నా తొందరగా అయినట్టు అనిపిస్తుందని 2007లో క్రిస్ హారిసన్ బృందం చూపించింది. అది చదివి బార్‌ని కావాలని మొదట నెమ్మదిగా, చివర వేగంగా నడిపేవాళ్లున్నారు. వినోదానికి వాడే యాప్‌లో ఏమో గానీ, యూపీఎస్ కూస్తుండగా బార్ చూసి నిర్ణయం తీసుకునే కౌంటరు దగ్గర ఆ పని చెయ్యొద్దు.

తెలుగులో రాసే లేబుల్ గురించి కాస్త. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఫాంట్ ఉంది, విండోస్ 7లో గౌతమి, వాణి ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయిన లేబుల్ ఎత్తులో తెలుగు వత్తులు కింద తెగిపోతాయి. "వస్తువులు"లో త వత్తు, "ఖర్చు"లో చ వత్తు కనబడుతున్నాయో లేదో చూసి ఎత్తు ఒకటిన్నర రెట్లు చెయ్యండి. ఆటోసైజ్ ఆపేసి వెడల్పు స్థిరంగా ఉంచితే అంకెలు మారినప్పుడల్లా వాక్యం గెంతదు. కల్చర్‌ని (భాష, దేశం సెట్టింగ్) తెలుగు ఇండియా చేసుకుని అంకెని ఎన్0 ఫార్మాట్‌లో చూపిస్తే 125000 బదులు 1,25,000 అని మనకు అలవాటైన కామాలు వస్తాయి. "ప్రాసెసింగ్" అని ఊరుకోకుండా "4,120వ బిల్లు, మొత్తం 6,380" అని రాస్తే ఆగిందో నడుస్తుందో చూడగానే తెలిసిపోతుంది.

టాస్క్‌బార్‌లోని ఐకాన్ మీద పచ్చదనం నింపే వసతి విండోస్ 7 నుంచి ఉంది. విన్‌ఫార్మ్స్‌లో దానికి నేరుగా కంట్రోల్ లేదు, విండోస్‌లోని ఐటాస్క్‌బార్‌లిస్ట్3 ఇంటర్‌ఫేస్‌ని పట్టుకోవాలి. బ్యాకప్ పెట్టి విండో కిందికి దించే అలవాటు అందరికీ ఉంది కనుక ఆ శ్రమకి ఫలితముంటుంది. ఇదే పని డబ్ల్యూపీఎఫ్‌లో (తెరలు కట్టడానికి మైక్రోసాఫ్ట్‌దే ఇంకో పనిముట్టు) అయితే టాస్క్‌బార్ ఐటమ్ ఇన్ఫోతో చిటికెలో అవుతుంది.

పక్కవాటి సంగతి. డబ్ల్యూపీఎఫ్ బార్ రూపంలో ఎంత మార్పుకైనా ఒప్పుకుంటుంది, విలువ దశాంశాల్లో తీసుకుంటుంది. కొత్త ప్రాజెక్టుకి ఓపిక ఉంటే అదే మేలు. మన ఎచ్చెర్ల, విజయనగరం విద్యార్థులు పైథాన్‌లో ప్రాజెక్టు చేస్తే, దానితో పాటే వచ్చే టికింటర్‌లోని బార్ చేతిలో ఉన్నట్టే. కానీ అందులో స్టెప్‌తో నూటికి చేరగానే బార్ మళ్లీ సున్నాకి తిరుగుతుంది, పూర్తయిన పని ఖాళీగా కనిపిస్తుంది. విలువని నేరుగా పెట్టండి. వెనక త్రెడ్ నుంచి క్యూలో వేసి, ఆఫ్టర్‌తో 100 మిల్లీ సెకన్లకోసారి తీసుకోండి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడితే పైథాన్ 3.7 నుంచి బ్యాకప్ ఫంక్షనే ఎన్ని పేజీలు మిగిలాయో చెప్తుంది. తెరలు కట్టే ఇంకో పనిముట్టు క్యూట్ (Qt)లో శాతం బార్‌తో పాటే రాసి వస్తుంది, ఆ విషయంలో విన్‌ఫార్మ్స్ కంటే నయం. దాని ప్రోగ్రెస్ డైలాగ్ మాత్రం పని నాలుగు సెకన్లకు మించి పడుతుందనుకుంటేనే తెరుచుకుంటుంది, "డైలాగ్ రావట్లేదు" అనేవాళ్లు మినిమమ్ డ్యూరేషన్ చూసుకోవాలి. జావా భాషలోని స్వింగ్‌లో, వెనక పని నడిపే స్వింగ్‌వర్కర్ బాగానే ఉంటుంది, సెట్‌ప్రోగ్రెస్‌కి 0 నుంచి 100 దాటి ఇస్తే ఒప్పుకోదు.

కొట్టు యజమానులు ప్రోగ్రాం చేతికి తీసుకునే ముందు చేయించాల్సిన పరీక్ష పావుగంట పని. బ్యాకప్ నడుస్తుండగా విండోని మౌస్‌తో పట్టుకుని తెర అంతా తిప్పండి, పాలిపోకుండా వెంట రావాలి. రద్దు నొక్కి, బిల్లుల సంఖ్య మొదట ఎంతుందో అంతే ఉందా చూడండి. బిల్లు ఒక్కటీ లేని ఖాళీ కంపెనీ తెరిచి అదే బ్యాకప్ చేయించండి. చివరిగా, పోయినా పరవాలేదనుకున్న పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టి బార్ 60 దగ్గర ఉండగా లాగేయండి. బార్ ఉన్నచోటే ఎర్రబడి, ఏ ఫైలు ఎక్కలేదో తెలుగులో చెప్పి, ఇంకో పెన్‌డ్రైవ్ అడిగితే డబ్బులిచ్చేయండి. 100కి వెళ్లి "పూర్తయింది" అంటే ప్రోగ్రాం వెనక్కి పంపండి.